అత్తమ్మ చీరలతో సంచులు కుట్టి అమ్మాను, ఆడబిడ్డ మాట్లాడటం మానేసింది

హనుమకొండ నుంచి ఒకామె రాసిన ఉత్తరం ఇది. ఆరు పేజీలు ఉంది, పేర్లూ ఇంటి గుర్తులూ తీసేసి సంగతి మాత్రం కుదించి చెప్తున్నాను.

ఆమెకు నలభై నాలుగేళ్లు. భర్తది ఒక ప్రైవేటు కాలేజీలో ఆఫీసు ఉద్యోగం, ఇద్దరు పిల్లలు చదువుల్లో ఉన్నారు. పెళ్లికి ముందే కుట్టు నేర్చుకుంది కానీ ఇన్నాళ్లూ మిషన్ మీద జరిగిందల్లా ఫాల్, పీకో, వాడకట్టులో వాళ్ల జాకెట్లు. మామయ్య ఎప్పుడో పోయారు. అత్తమ్మ పోయి రెండేళ్లు దాటింది, చివరి ఎనిమిది నెలలు మంచంలో ఉంటే అన్నీ ఈమే చూసుకుంది. ఆవిడ చీరలన్నీ ఒక ఇనుప సందూకలో ఉన్నాయి, చాలాకాలం దాని జోలికి ఎవరూ పోలేదు. నిరుడు వానాకాలం గోడ చెమ్మకు సందూక అడుగు తుప్పు పట్టింది. తెరిచి చూస్తే అడుగున ఉన్న రెండు చీరలు మరకలు పట్టి మడతల దగ్గర చినిగి ఉన్నాయి. పారేయడానికి చేతులు రాక, బాగున్న మేర కత్తిరించి ఒక చేతిసంచి, నాలుగు మసిగుడ్డలు కుట్టింది. అక్కడ మొదలైంది. ఎదురింటావిడ చూసి నాకొకటి అంది, ఆవిడ చెల్లెలు రెండు అంది, చివరికి తెలిసినవాళ్లింట్లో శ్రీమంతానికి రిటర్న్ గిఫ్టులుగా 60 సంచులు కావాలని ఆర్డర్ వచ్చింది. లైనింగ్ వేసిన సంచి 120 రూపాయలు. సందూకలోంచి 11 చీరలు బయటికి వచ్చాయి, 7,200 రూపాయలు చేతికి వచ్చాయి. పెళ్లయ్యాక నా సొంత సంపాదన అంత ఒక్కసారిగా చూడటం అదే మొదలు అని రాసింది.

ఈసారి బతుకమ్మకు ఆడబిడ్డ కరీంనగర్ నుంచి వచ్చింది. ఆ శ్రీమంతం జరిగినవాళ్లు దూరపు చుట్టాలే, పలకరించడానికని వాళ్లింటికి పోతే వంటింటి మేకుకు ఉల్లిగడ్డల సంచి ఒకటి వేలాడుతూ కనిపించింది. ఆకుపచ్చ గద్వాల చీర, ఎర్రంచు. ఆడబిడ్డ పెళ్లిలో అత్తమ్మ కట్టుకున్న చీర అది. ఇంటికొచ్చి నలుగురి ముందు "మా అమ్మ చీరలు ముక్కలు చేసి అమ్ముకున్నావా వదినా" అంది. సద్దుల బతుకమ్మ దాకా ఉండాల్సిన మనిషి ఆ సాయంత్రమే బస్సెక్కింది. ఫోన్ చేస్తే ఎత్తదు. భర్తను అడిగితే "ఎందుకొచ్చిన లొల్లి, ఆ మిషన్ మూలకు పెట్టెయ్" అంటున్నాడు. సందూకలో ఇంకా తొమ్మిది నూలు చీరలు, మూడు పట్టుచీరలు ఉన్నాయి. మాఘమాసం పెళ్లికి ఇంకో 40 సంచుల ఆర్డర్ ఉంది, వెయ్యి రూపాయల అడ్వాన్సు కూడా తీసుకుంది. ఇవి చాలవన్నట్టు వాడకట్టులో వాళ్లు పాత బట్టల మూటలు తెచ్చి పడేసి "ఒక సంచి ఊరికే కుట్టివ్వరాదా" అంటున్నారు.

"నేను దొంగతనం చేశానా? పాడైపోయేదాన్ని పనికొచ్చేలా చేస్తే తప్పా? మిగిలిన చీరలు ఆమె మొహాన కొట్టి లొల్లి తెంపుకోవాలా, అసలు కుట్టే మానేయాలా?" ఇవీ ఆమె ప్రశ్నలు.

అమ్మా, దొంగతనం అన్న మాట మీరు రాసుకున్నదే. మీ ఆడబిడ్డ ఆ మాట అనలేదు. ముక్కలు చేసి అమ్ముకున్నావా అంది. కోపంలో అన్నదే అయినా అందులో రెండు సంగతులు ఉన్నాయి, కత్తిరించడం ఒకటి, అమ్మడం ఒకటి. ఆమె నోటితో అనని మూడోది ఇంకోటి ఉంది, నన్నొక మాట అడగలేదేం అన్నది. నాకైతే లొల్లంతా ఆ మూడోదాంట్లోనే కనిపిస్తోంది. మీరు మాత్రం ఆరు పేజీలూ మొదటిదానికే జవాబు చెప్పుకుంటూ పోయారు. చీరలు చెడిపోతున్నాయి, పారేయకుండా వాడాను, నాలుగు ఇళ్లలో ప్లాస్టిక్ కవర్లు తగ్గాయి, ఇందులో తప్పేముంది అని. ఏమీ లేదు, ఎవరూ కాదనరు కూడా. మన ఇళ్లలో పాత చీర బొంతయ్యేది, బొంత పోగులు పోతే మసిగుడ్డ అయ్యేది, అదీ పాడైతే సైకిల్ తుడిచే గుడ్డ అయ్యేది. చీరకు కత్తెర పెడితే పాపం అనుకున్న అమ్మమ్మలు నాకు తెలిసి ఎవరూ లేరు. మీ అత్తమ్మ కూడా తన చీరలతో బొంతలు కుట్టించే ఉంటుంది, అటక మీద ఒకసారి చూడండి.

నేను రెండుసార్లు చదివింది మాత్రం నాలుగో పేజీలో మీరు అలా అనేసి దాటిపోయిన వాక్యం. సంవత్సరీకం నాడు ఆడబిడ్డ సందూక తాళం అడిగితే "ఇప్పుడు చుట్టాలున్నారు, తర్వాత చూద్దాంలే" అన్నారు. ఆమె మళ్లీ అడగలేదు, మీరూ మళ్లీ ఎత్తలేదు. మీరు కావాలని చేశారని నేననడం లేదు, ఆ రోజు వంటలూ చుట్టాల పడకలూ చూసుకునేసరికి ఎవరికైనా తల తిరుగుతుంది. కానీ ఆమె వైపు నుంచి ఒకసారి వరసగా చూడండి. తల్లి సందూక తాళం అడిగింది, అందలేదు, మళ్లీ అడగడానికి మొహమాటపడింది. ఆ తర్వాత ఆ సందూకలోని చీర ఆమెకు కనపడింది చుట్టాల వంటింట్లో, ఉల్లిగడ్డలతో. అదీ తన పెళ్లిలో తల్లి కట్టుకున్న చీర. ఆమె నలుగురి ముందు అరవడం బాగాలేదు, పక్కకు పిలిచి అడగాల్సింది, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ కోపం ఉల్లిగడ్డల దగ్గర పుట్టింది కాదు.

ఇంకో సంగతి కొంచెం కటువుగా ఉంటుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా పోయిన ఆడమనిషి ఆస్తి ముందుగా కొడుకులకు, కూతుళ్లకు, భర్తకు సమానంగా పోతుంది. మామయ్య ముందే పోయారు, పిల్లలు ఇద్దరే అన్నారు, అంటే సందూకలో సగం మీ భర్తది, సగం మీ ఆడబిడ్డది. కోడలికి నేరుగా వాటా లేదు. చీరల కోసం కోర్టుకు పోయేవాళ్లు ఎవరూ ఉండరు, నేను పొమ్మనడమూ లేదు. మరి చట్టం ఎందుకు తీశానంటే, మీరు ఉత్తరమంతా "మా సందూక" అనే రాశారు. అది మీ ఇంట్లో ఉంది, అంతవరకే. ఆడబిడ్డ వచ్చి అడిగింది తన దాని గురించి, మీ ఇంటి విషయంలో వేలు పెట్టడం కాదు. ఈ ఒక్కటి మీ మనసులో కుదురుకుంటే మిగతా మాటలు మీ నోట్లోంచి వేరే రకంగా వస్తాయి.

మన దిక్కు ఆడపిల్లకు తల్లిగారిల్లు అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు, మీరూ ఒక ఇంటి ఆడపిల్లే. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయాక ఆ ఇంట్లో ఆమెకు మిగిలేది అన్న, వదిన, ఇంకా తల్లి వాడిన నాలుగు వస్తువులు. బతుకమ్మకు రమ్మని పిలిచేవాళ్లు ఇంకా ఉన్నారా లేదా అని ఆడపిల్లలు లోపల్లోపల లెక్క చూసుకునేది తల్లి పోయిన మొదటి రెండు మూడేళ్లలోనే. మీ లొల్లి సరిగ్గా ఆ పండగలోనే వచ్చింది.

ఇప్పుడు మీ వైపు. ఎనిమిది నెలలు మంచాన ఉన్న మనిషిని ఎత్తి, కడిగి, తినిపించింది మీరు. ఆ చీరలు ఉతికి ఆరేసి మడతపెట్టిన చేతులు మీవే, కాబట్టి వాటి మీద మీకు ఒక చనువు ఉంటుంది, ఉండాలి కూడా. సందూకకు చెమ్మ తగిలినప్పుడు ఎవరూ రాలేదు, మీరే చూశారు. అందుకే "అమ్ముకున్నావా" అన్న మాట మీకు అంత గట్టిగా తగిలింది. మీరు బాధపడటం న్యాయమే. చాకిరీ చేసినవాళ్లకు ప్రేమ మీద హక్కు వస్తుంది, వస్తువులను ఒక్కరే తేల్చేసే హక్కు మాత్రం రాదు, అంతే తేడా.

సరే, ఏం చేయొచ్చో చూద్దాం. ఒక్కోదాని వెనక ఏమొస్తుందో కూడా చెప్తాను, ఏది ఎంచుకోవాలో మీ ఇల్లు మీకే తెలుసు.

మొదటిది మీరే అన్నారు, మిగిలిన పన్నెండు చీరలూ మూట కట్టి పంపేయడం. అప్పటికి లొల్లి ఆగుతుంది. కానీ మొహాన కొట్టినట్టు పంపితే ఆమె ఆ మూట విప్పకపోవచ్చు కూడా, ఇక తల్లిగారింటితో పని అయిపోయింది అనుకుంటుంది. ఇంకోటి, మీ పిల్లలకు వాళ్ల నానమ్మ చీర ఒక్కటీ మిగలదు, మీ భర్తకూ మిగలదు. ఆయన ఇప్పుడు ఏమీ అనకపోవచ్చు. మొగవాళ్లకు ఇలాంటివి పదేళ్ల తర్వాత గుర్తొస్తాయి.

రెండోది ఆమెను పిలిచి సందూక ఆమె ముందే తెరవడం. నాకు ఎక్కువ నచ్చేది ఇదే, కానీ సులువు కాదు. చీరలు తీస్తూ ఉంటే పాత మాటలన్నీ బయటికి వస్తాయి, మందులకు పైసలు ఎవరు పెట్టారు, బంగారు గొలుసు ఎవరికి పోయింది, అన్నీ. వాటికి సిద్ధపడే పిలవండి, ఒకరోజు పూర్తిగా పెట్టుకోండి, వంట హడావుడి లేని రోజు చూసుకోండి. ఏది అలాగే దాచాలో, ఏది కుట్టొచ్చో, ఏది ఎవరింటికి పోవాలో ముందు ఆమెనే చెప్పనివ్వండి. "నూలువి పిల్లలకు బొంతలు కుట్టు వదినా" అని ఆమే అనొచ్చు. అస్సలు వద్దనొచ్చు కూడా. వద్దంటే వద్దు, మళ్లీ ఒప్పించే ప్రయత్నం చేయకండి.

ఒడిబియ్యం పోయాల్సిన ఏడు దగ్గర్లో ఉంటే ఆ పేరుతో పిలవొచ్చు, ఎలాగూ అన్నావదినలు చేయాల్సిందే. కాకపోతే ఆ రోజే సందూక తెరవకండి. నలుగురు ముత్తైదువల మధ్య ఆమె ఏడవలేదు, కాదనలేదు. ఒడిబియ్యం పోసి, చీర పెట్టి, రెండు రోజులు ఉండమని అడిగి, జనం వెళ్లిపోయాక తాళం ఆమె చేతికే ఇవ్వండి.

మూడోది మీకు ఇప్పటికే మనసులో ఉండి ఉంటుంది, కుట్టేవాళ్లందరికీ ముందు వచ్చే ఆలోచన అదే. అత్తమ్మ చీరలతో మంచి బొంత కుట్టి ఆమెకు పంపితే కరిగిపోతుంది కదా అని. ఆగండి. అడగకుండా కత్తిరించినందుకు కోపమొచ్చిన మనిషికి, అడగకుండా ఇంకో నాలుగు చీరలు కత్తిరించి బహుమతి పంపినట్టవుతుంది. మీరెంత ప్రేమగా కుట్టినా ఆమెకు అది పుండు మీద కారమే. కానీ ఇప్పటికే కత్తిరించిన 11 చీరల ముక్కలు మిగిలే ఉంటాయి, అంచుల పట్టీలు, కొంగు చివరలు, సంచి కొలతకు రాని పేలికలు. కుట్టేవాళ్లింట్లో ఇవి ఒక మూట ఉండకుండా ఉండదు. వాటిని ఉతికి, ఇస్త్రీ చేసి, ఏ ముక్క ఏ చీరదో తెలిసేలా వేరువేరుగా కట్టి పెట్టండి. ఆమె వచ్చినప్పుడు ఆ మూట కూడా ముందు పెట్టండి. వాటితో మెత్త కవర్లు కావాలంటుందో, పూజగదికి చిన్న పరుపు కావాలంటుందో, అలాగే పట్టుకుపోతానంటుందో, ఆమె ఇష్టం.

ఆ గద్వాల సంచి సంగతి. దాన్ని వెనక్కి తెచ్చుకోవచ్చు, ఇదేమంత పెద్ద పని కాదు. ఆ చుట్టాలింటికి మీరే వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి, అది మా అత్తమ్మ గుర్తు, పొరపాటున ఇచ్చాను, దానికి బదులు రెండు కొత్తవి ఇస్తాను అని. ఇవ్వనివాళ్లు ఎవరూ ఉండరు. అదే చీరతో కుట్టినవి ఇంకో మూడో నాలుగో ఎవరి దగ్గరున్నాయో కనుక్కుని, వచ్చినన్ని తెచ్చుకోండి. తెచ్చాక ఫోటో తీసి పంపకండి. ఆమె వచ్చాక చేతికివ్వండి.

నాలుగోది ఏమీ చేయకపోవడం, కొన్నాళ్లు పోనిస్తే చల్లబడుతుందని. కొన్ని ఇళ్లలో నిజంగానే చల్లబడుతుంది. మీ దగ్గర మాత్రం మాఘంలో 40 సంచులు బయటికి పోతాయి, వాటిలో ఏ చీర ఉందో అని ఆమె చూస్తుంది, ఆమె చూడకపోయినా చూసి చెప్పేవాళ్లు ఉంటారు. ఓరుగల్లు నుంచి కరీంనగర్‌కు కబురు పోవడానికి బస్సు అక్కర్లేదు.

మీ భర్త గురించి ఒక మాట. చనిపోయింది ఆయన తల్లి, అలిగింది ఆయన చెల్లెలు, సందూకలో సగం ఆయనది. అయినా ఈ లొల్లి మీ ఇద్దరు ఆడవాళ్లదీ, ఆయన మధ్యవర్తీ అన్నట్టు మాట్లాడుతున్నాడు. మొదటి ఫోన్ ఆయన చేయాలి. మీ తరఫున క్షమాపణ చెప్పమని కాదు, "తాళం నువ్వడిగినప్పుడు నేనే తీసివ్వాల్సింది, ఎప్పుడొస్తావో చెప్పు" అంటే చాలు. ఆ మాట నిజమే కదా, సంవత్సరీకం రోజు ఆయనా ఇంట్లోనే ఉన్నాడు. ఆ తర్వాత మీరు మాట్లాడండి. మాట్లాడినప్పుడు చెమ్మ, తుప్పు, ప్లాస్టిక్ ఏదీ ఎత్తకండి. నిన్ను అడగకుండా చేశాను అని ఒక్కటే చెప్పండి. ఆ 7,200లో ఆమెకు వాటా ఇవ్వాలా అని రాశారు. పైసలు కవర్లో పెట్టి ఇస్తే ఆమె మాటే నిజమని మీరే ఒప్పుకున్నట్టవుతుంది, అమ్ముకున్నాం, ఇదిగో నీ సగం అని. అంతగా ఇవ్వాలనిపిస్తే అత్తమ్మ తిథికి అన్నాచెల్లెళ్లు ఇద్దరి పేరు మీదా ఖర్చు పెట్టండి, అదీ ఆమెతో చెప్పి.

ఇక మిషన్ మూలకు పెట్టాలా అన్నది. పెట్టకండి. సందూక లొల్లికీ మీ కుట్టుకూ ముడి మీరే వేశారు, మీరే విప్పొచ్చు. ఇంట్లో పోయినవాళ్ల బట్ట వ్యాపారంలోకి రాకూడదు అని ఒక గీత గీసుకోండి. అలా గీస్తే మీకు ఇప్పటిదాకా కనపడనిది ఒకటి కనపడుతుంది. సందూక బట్ట ఊరికే వచ్చింది కాబట్టే 120కి సంచి గిట్టుబాటైంది. ఆ చీరలు కొనాల్సి వస్తే ఎంత మిగిలేది? ఉతకడం, ఫాల్ విప్పడం, ఇస్త్రీ, చినిగిన మేర పక్కకు తీయడం, కత్తిరించడం, కుట్టడం అన్నీ కలిపి సంచికి ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి ఒకసారి చూడండి. దానికి కూలి వేసుకుంటే, దారం, నాడా కలిపితే, 120 చాలదని నా అంచనా. అదే సైజుకు 150, 160 చెప్పి చూడండి. కొందరు పోతారు, పోనివ్వండి.

బట్ట మన ఊళ్లో దొరక్క కాదు. లేడీస్ టైలర్ల దగ్గర రోజూ కత్తిరింపులు పోగవుతాయి, వాళ్లకది చెత్త. సంచికి రావు గానీ మసిగుడ్డలకూ, ముక్కల బొంతలకూ బాగా వస్తాయి. పాత నూలు దుప్పట్లు లైనింగ్‌కు వాడండి, మీరు చీరకు చీరే లైనింగ్ వేశారు, అందుకే ఒక్కో చీరకు ఐదారు సంచులే వచ్చాయి. లైనింగ్ దుప్పటిదైతే అదే చీరకు దాదాపు రెట్టింపు వస్తాయి, అంటే 40 సంచులకు నాలుగైదు చీరలు చాలు. ఇంకోటి, మన కొత్తవాడ జంపఖానాలు, 2018లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు, వచ్చిన వరంగల్ డరీలు అవే. పాతబడి మధ్యలో అరిగినవి చాలా ఇళ్లలో మూలన పడుంటాయి. అంచుల వైపు ఇంకా గట్టిగానే ఉంటుంది, సంచి అడుక్కి వేస్తే పది కిలోల బియ్యం మోస్తుంది. కత్తిరించగానే పోగులు ఊడతాయి, కాబట్టి కత్తిరించబోయే గీతకు రెండు పక్కలా ముందే జిగ్‌జాగ్ కుట్టు వేసుకుని అప్పుడు కత్తెర పెట్టండి.

వాడకట్టు వాళ్లు తెచ్చే మూటలను వద్దనకండి, కానీ లెక్క పెట్టుకోండి. రెండు నూలు చీరలు తెస్తే ఒక సంచి ఊరికే, కుట్టుకూలి మీకు మిగిలిన బట్టలో వచ్చేస్తుంది. పాలిస్టర్ తెస్తే కుట్టుకూలి ఇవ్వాలి. ఈ మాట ముందే చెప్తే ఎవరూ నొచ్చుకోరు, పాత బట్టలకు స్టీలు గిన్నెలు ఇచ్చేవాళ్లతో గంటసేపు బేరమాడే ఊరు మనది. మూట తీసుకునేటప్పుడే ఇంకోటి అడగండి, ఇందులో ఇంట్లోవాళ్లు ఎవరైనా అడిగే చీర ఉందా అని. మీకు జరిగింది ఇంకో ఇంట్లో జరగొద్దు కదా.

నూలో పాలిస్టరో చేత్తో పట్టుకుంటే తెలియకపోతే నాలుగు పోగులు లాగి పట్టకారుతో పట్టుకుని అగ్గిపుల్ల చూపించండి, కింద నీళ్ల గిన్నె పెట్టుకుని. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది, పట్టు వెంట్రుకలు కాలిన వాసన వేస్తుంది, పాలిస్టర్ కరిగి గట్టి నల్ల ఉండ కడుతుంది. ఈ పరీక్ష మసిగుడ్డలకు తప్పనిసరి. వేడి గిన్నె పట్టుకున్నప్పుడు పాలిస్టర్ కరిగితే చర్మానికి అంటుకుపోతుంది. 2017 నుంచి ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరలు, సిరిసిల్ల మరమగ్గాలవి, మీకు మూటల్లో బోలెడు వస్తాయి. పాలిస్టర్ కాబట్టి వంటింటి పొయ్యి దగ్గరికి వద్దు, కానీ పలచగా ఉంటాయి, ఉతికితే వెంటనే ఆరతాయి, రంగు పోదు. మడిచి జేబులో పెట్టుకునే కూరగాయల సంచులకు అంతకంటే మంచి బట్ట లేదు. 120 మైక్రాన్లకంటే పలచని క్యారీబ్యాగులు వద్దని 2022 చివరి నుంచి రూలుంది, మార్కెట్లో పలచటి కవర్లు ఇంకా ఊగుతూనే ఉన్నాయనుకోండి, అయినా ఇంటి సంచి తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లే మీ గిరాకీ.

పాత నూలు చీర ఏదైనా కత్తిరించే ముందు కిటికీ వెలుతురుకు పట్టి చూడండి. బొడ్డు దగ్గర దోపే మేర, మడమలకు తగిలే అంచు పలచబడి ఉంటాయి, కొంగు వైపు గట్టిగా ఉంటుంది. ఎరుపు, నీలం రంగులైతే తడి తెల్లగుడ్డతో రుద్దండి, రంగు అంటితే లేతరంగు లైనింగ్ పక్కన వేయొద్దు. ఆజంజాహి మిల్లు ముద్ర ఉన్న బట్ట ముక్క ఏదైనా మూటల్లో వస్తే మాత్రం కత్తెర పెట్టకండి, 1934లో వరంగల్‌లో మొదలై ఎప్పుడో మూతపడిన బట్టల మిల్లు అది, ఇచ్చినవాళ్లకు చెప్పి దాచుకోమనండి.

సందూకలోని మూడు పట్టుచీరల గురించి, ఆడబిడ్డ వచ్చేదాకా వాటికి చేయాల్సింది వేరే ఉంది. సందూకను ఇటుకల మీద ఎత్తిపెట్టి గోడకు జానెడు దూరం జరపండి. చీరలు నీడలో గాలికి ఆరేసి, పాత మడత మీద కాకుండా కొత్త చోట మడిచి, ఉతికిన తెల్ల పంచెలో చుట్టండి. కలరా ఉండలు జరీకి తగలనివ్వకండి, నల్లబడుతుంది. వీధిలో "పాత పట్టుచీరలు కొంటాం" అని కేక వేస్తూ వచ్చేవాళ్లకు చూపించను కూడా వద్దు. వాళ్లకు కావాల్సింది జరీలో వెండి, చీర కాల్చేస్తారు.

పెట్టుబడికి ఏదైనా స్కీము ఉందా అని చివర్లో అడిగారు. కేంద్రం 2023 సెప్టెంబర్‌లో పెట్టిన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులు ఉన్నాయి, దర్జీ పని అందులో ఒకటి. శిక్షణ రోజులకు రోజుకు 500, పనిముట్లకు 15,000 దాకా, కావాలంటే మొదటి విడత లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ఆధార్ తీసుకుని సీఎస్‌సీకి, అంటే కామన్ సర్వీస్ సెంటర్‌కు పోతే నమోదు చేస్తారు. పనిముట్ల వరకు ప్రయత్నించండి, అప్పు మాత్రం ఇప్పుడే వద్దనుకుంటాను. నెలకు ఎన్ని సంచులు పోతాయో ఇంకా తేలలేదు, దానికి తోడు ఇంట్లో ఈ టెన్షన్ నడుస్తోంది.

ఆర్డర్ ఇచ్చినవాళ్లకు ఈ వారంలోనే ఫోన్ చేయండి, మాఘం దాకా ఆగకండి. పోయినసారి లాంటి చీరలు ఇప్పుడు లేవు, దుప్పటి లైనింగ్‌తో, వేరే నూలు చీరలతో కుడతాను, నమూనాకు ఒకటి పంపిస్తాను అని చెప్పండి. చాలామంది సరేనంటారు, వాళ్లకు కావాల్సింది పెళ్లినాటికి 40 సంచులు. గద్వాల అంచే కావాలని పట్టుబడితే అడ్వాన్సు వెయ్యి తిరిగి ఇచ్చేయండి.